కొమ్ము లేని ఖడ్గమృగం: నిజంగా ఉండేదా, ఇది కూడా వాట్సాప్ కథేనా?

చిలకలగూడ నాన్న (శనివారం, రాత్రి 9.12)

అందరికీ నమస్తే. నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక బొమ్మ తిరిగింది. ఒంటె మొహం, పొడుగాటి మెడ, ఏనుగుని మించిన కాళ్ళు. కింద "ప్రపంచంలోకెల్లా పెద్ద ఖడ్గమృగం, పాకిస్తాన్‌లో బయటపడింది" అని రాసుంది. మా ఐదో తరగతి వాడు చూసి ఒకటే ప్రశ్న: "నాన్నా, కొమ్మేది?"

కొన్నేళ్ళ కింద ఘటోత్కచుడి అస్థిపంజరం అని ఒక ఫొటో వచ్చింది గుర్తుందా? నేను నమ్మి మా మేనమామలతో సహా అందరికీ పంపాను. ఆ నవ్వులు ఇంకా ఆగలేదు. అందుకే ఈసారి ముందు ఇక్కడ అడుగుతున్నా. ఇలాంటి జంతువు ఉండేదా? ఉంటే కొమ్ము లేకుండా ఖడ్గమృగం ఎలా అయింది?

రాళ్ళపిచ్చోడు (శనివారం, రాత్రి 9.40)

ఉండేదన్నా. ఈసారి మేనమామలకి ధైర్యంగా పంపొచ్చు. కాకపోతే "బయటపడింది" అన్నది పాత వార్త, వందేళ్ళు దాటింది.

దాని పేరు పారాసెరాథీరియం. ఇంచుమించు 3 కోట్ల 40 లక్షల ఏళ్ళ కింద నుంచి 2 కోట్ల 30 లక్షల ఏళ్ళ కిందటి దాకా, ఒలిగోసీన్ అనే కాలంలో తిరిగింది. భుజం దగ్గర 4.8 మీటర్ల ఎత్తు. మన ట్యాంక్‌బండ్ మీద తిరిగే డబుల్ డెక్కర్ బస్సు పక్కన నిలబెడితే భుజమే బస్సు కప్పుకి తగులుతుంది, మెడా తలా ఇంకా పైన. పొడుగు 7.4 మీటర్లు. బరువు 15 నుంచి 20 టన్నుల దాకా ఉండొచ్చంటారు. బోనాలకి ఘటం ఎత్తుకొచ్చే ఏనుగు ఉంటుంది కదా, అలాంటివి ఐదింటిని ఒక్కటిగా ముద్ద చేసినట్టు. నేల మీద నడిచిన పాలిచ్చే జంతువుల్లో అతి పెద్దవాటి లెక్కలో ఇది ముందు వరసలో ఉంటుంది.

ఇక కొమ్ము. ఖడ్గమృగం కొమ్ము ఎముక కాదు, మన గోళ్ళూ వెంట్రుకలూ ఏ పదార్థమో అదే. మట్టిలో కుళ్ళిపోతుంది. అందుకని కొమ్ము దొరకలేదు కాబట్టి లేదు అనకూడదు. చూడాల్సింది కింద ఉన్న ఎముకని. కొమ్ము మొలిచే చోట ముక్కు ఎముక మందంగా, గరుకుగా, కాలీఫ్లవర్ పైభాగంలా బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. దీనికి ఆ గరుకు లేదు. ముక్కు ఎముక సన్నంగా, నున్నగా ఉంది. అంత బరువు మోసే ఏర్పాటే లేదు అక్కడ. మీవాడు సరైన ప్రశ్నే అడిగాడు.

సీతాఫల్‌మండి శీను (శనివారం, రాత్రి 9.58)

కొమ్ము లేకపోతే ఖడ్గమృగం అని ఎట్ల తెలిసిందన్నా? గుర్రం అనుకోవచ్చు గదా. ఏనుగు అనుకోవచ్చు గదా.

రాళ్ళపిచ్చోడు (శనివారం, రాత్రి 10.21)

పళ్ళు, శీనూ. డిగ్రీలో మాకు ప్రాక్టికల్స్‌లో ఒక చెక్క పెట్టెలో పళ్ళు ఇచ్చేవాళ్ళు, పేరు చీటీలు లేకుండా. ఏది ఏ జంతువుదో చెప్పాలి. గుర్రం పన్ను పైనుంచి చూస్తే జంతికల గొట్టంలోంచి చిందరవందరగా పడ్డ పిండిలా గీతలు. ఏనుగుది పక్కపక్కనే పేర్చిన పలకలు. ఖడ్గమృగం పైదవడ పన్ను మాత్రం ఒక్కసారి చూస్తే మర్చిపోరు. లెక్కల పుస్తకంలో పై (π) గుర్తు ఉంటుంది చూడండి, వృత్తం వైశాల్యానికి వాడేది, అచ్చం అదే. బయటి వైపు ఒక నిలువు గట్టు, దాన్నుంచి లోపలికి రెండు అడ్డ గట్లు.

నేను ఆ రోజు అన్నీ తప్పు చెప్పి ఇదొక్కటే రైటు చెప్పా. అప్పట్నుంచే ఈ పిచ్చి.

ఈ భారీ మృగానికీ వెనక పళ్ళు అలాగే ఉన్నాయి. ముందు పళ్ళు మాత్రం వింత: పైన రెండు కోరల్లాంటివి కిందికి, కింద రెండు ముందుకి. పుర్రెలో ముక్కు రంధ్రపు గాడి బాగా వెనక్కి పోయి ఉంది కాబట్టి పొడుగాటి కదిలే పైపెదవో, పొట్టి తొండమో ఉండేదంటారు. చెట్ల కొమ్మలు లాగి ఆకులు తినేదన్నమాట.

ఇంకో మాట. ఇది ఇప్పటి ఖడ్గమృగాలకి తాత కాదు. పెదనాన్న వరస. ఆ కొమ్మ సంతానం లేకుండా ఆగిపోయింది.

పుస్తకాలపురుగు (శనివారం, రాత్రి 11.05)

అసలు కథ దీని పేర్లలో ఉంది. నిద్ర రావట్లేదు కాబట్టి రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోండి.

1846లోనే విక్కరీ అనే సైనికుడు బలూచిస్తాన్ కొండల్లో ఏవో ఎముకలు ఏరాడు. ఏ జంతువువో ఎవరికీ అంతు పట్టలేదు. తర్వాత 1907-08లో గై పిల్‌గ్రిమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ ఉద్యోగి, అదే బలూచిస్తాన్‌లో డేరా బుగ్తీ దగ్గర పైదవడ ఒకటి, కింది పళ్ళు కొన్ని పట్టుకొచ్చాడు. అప్పటికే తెలిసిన కొమ్ములేని ఖడ్గమృగాల జాతిలో కలిపేసి "అసెరాథీరియం బుగ్తియెన్సె" అన్నాడు.

1910లో క్లైవ్ ఫోర్‌స్టర్ కూపర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త అదే చోటికెళ్ళాడు. ఇది ఆ జాతి కాదు, దాని పక్కది అని 1911లో "పారాసెరాథీరియం" పెట్టాడు. పారా అంటే పక్కన. అక్కడితో ఆగితే బాగుండేది. కొన్ని ఎముకలు మరీ పెద్దగా ఉన్నాయి, వేరే మృగం అయుండాలి అని వాటికి 1913లో "థౌమాస్టోథీరియం", అంటే అద్భుత మృగం అని ఇంకో పేరు. తీరా చూస్తే ఆ పేరు అప్పటికే ఒక పురుగుకి పెట్టేశారు! నల్లుల వర్గంలో పురుగు! అంత మృగానికీ నల్లి చుట్టానికీ ఒకే పేరా అని అదే ఏడాది మార్చి "బలూచీథీరియం" చేశాడు.

అటు కజకిస్తాన్‌లో దొరికిన వాటికి 1915లో బొరిస్యాక్ అనే రష్యన్ "ఇంద్రికోథీరియం" అన్నాడు. మన ఇంద్రుడు కాదండీ, తొందరపడకండి. రష్యన్ జానపదాల్లో ఇంద్రిక్ అనే మృగం ఉంది, జంతువులన్నిటికీ తండ్రి, అది కదిలితే భూమి అదురుతుంది. పేరు దానిది. చైనావాళ్ళు 1973లో షిన్‌జియాంగ్ నుంచి "జుంగారియోథీరియం" అని ఇంకొకటి కలిపారు.

1989లో లూకాస్, సోబస్ అనే ఇద్దరు కూర్చుని ఇవన్నీ ఒకటే జాతి, మొదట పెట్టిన పేరే చెల్లుతుంది అన్నారు. అందరూ ఒప్పుకోలేదు. మా తరం చదివిన పుస్తకాల్లో బలూచీథీరియమే ఉండేది, నాకు ఇప్పటికీ నోట్లో అదే ఆడుతుంది.

డెక్కన్‌మిత్ర (శనివారం, రాత్రి 11.17)

గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమిన కథే కదండీ.

పుస్తకాలపురుగు (శనివారం, రాత్రి 11.24)

ఆ పోలిక వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నా. కాదండీ. ఆ కథలో ఏనుగు ఎదురుగా మొత్తం ఉంది. ఇక్కడ మొత్తం జంతువు ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఒకరికి దవడ, ఇంకొకరికి మెడపూస, మూడో వాళ్ళకి కాలు. అవి కూడా వేల మైళ్ళ ఎడంలో, వేరే వేరే వయసు జంతువులవి, ఆడా మగా కలిపి. మ్యూజియాల్లో నిలబెట్టినవన్నీ అతుకులే.

అమ్ములు వాళ్ళమ్మ (ఆదివారం, ఉదయం 7.30)

అతుకులు అంటే తక్కువగా చూడకండి. బిర్లా సైన్స్ మ్యూజియంలో మన కోటాసారస్ ఉంది కదా, యామన్‌పల్లి నుంచి తెచ్చింది. అక్కడ ఒకే చోట పన్నెండు డైనోసార్ల ఎముకలు కలిసిపోయి దొరికితే వాటిలోంచి ఒకటి నిలబెట్టారు. మా అమ్ములు దాని కాళ్ళ కింద నిలబడి ఫొటో దిగింది, అదేమీ అబద్ధపు డైనోసార్ అనిపించలేదు.

ఇంతకీ ఇది కోటాసారస్ కంటే పెద్దదా?

రాళ్ళపిచ్చోడు (ఆదివారం, ఉదయం 8.02)

పొడుగులో కాదక్కా. కోటాసారస్ తోకతో కలిపి దీనికంటే పొడుగు. కానీ ఇది డైనోసార్ కాదు. డైనోసార్లు పోయిన 3 కోట్ల ఏళ్ళకి గానీ ఇది రాలేదు. ఆ రెంటినీ ఒకే బొమ్మలో పెట్టి పంపేవాళ్ళని ఏమీ అనలేం.

బన్సీలాల్‌పేట బాలు (ఆదివారం, ఉదయం 8.45)

సైబీరియా యూనికార్న్ అని ఒకటి చూసిన యూట్యూబ్‌ల. నెత్తి మీద ఇంత పెద్ద కొమ్ము. గిదేనా?

పుస్తకాలపురుగు (ఆదివారం, ఉదయం 9.10)

అది ఎలాస్మోథీరియం, బాలూ. వేరే కొమ్మ. రష్యా, కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో ఉండేది. దాని తొలి దవడ యువరాణి దాష్కొవా మాస్కో విశ్వవిద్యాలయానికి ఇచ్చిన వస్తువుల్లో ఉంటే, 1808లో ఫిషర్ అనే పండితుడు పేరు పెట్టాడు. ఎక్కడ తవ్వారో ఏమో గానీ యువరాణి బీరువాలోంచి వచ్చింది శాస్త్రంలోకి!

దాని నుదుటి మీద ఎముక గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. ఆ గుమ్మటం మీద మనిషంత కొమ్ము ఉండేదని బొమ్మలు గీస్తారు. ఒక్క కొమ్ము కూడా దొరకలేదు. రాళ్ళపిచ్చోడు పైన చెప్పిందే. ఇటీవల కొందరు అంత పెద్దది ఉండకపోవచ్చు అంటున్నారు. 2018లో ఎముకల్లో కార్బన్ లెక్క కడితే 39 వేల ఏళ్ళ కిందటి దాకా బతికుందని తేలింది. అంతకు ముందు 2 లక్షల ఏళ్ళ కిందే పోయిందనుకునేవాళ్ళు. మనుషులు దాన్ని చూసే ఉంటారు.

చూశారా తమాషా: యూనికార్న్ అని పేరు పడ్డదానికి కొమ్ము ఎంతుందో తేలలేదు, మన పెద్దాయనకి అసలు లేనే లేదు. ఖడ్గమృగం అనే మాట పెట్టిన మన పూర్వులు ఈ చుట్టాలని చూసుంటే ఏం పేరు పెట్టేవారో.

సరూర్‌నగర్ రాజు (ఆదివారం, ఉదయం 9.33)

పాకిస్తాన్ వాళ్ళది ఏది చెప్పినా నమ్మాలా?

వేదిక నిర్వాహకుడు (ఆదివారం, ఉదయం 9.50)

రాజు గారి వ్యాఖ్య ఉంచాను, దాని కింద వచ్చిన నాలుగు తీసేశాను. పిల్‌గ్రిమ్ వెళ్ళిన 1908లో అక్కడ సరిహద్దే లేదు, ఆయన జీతం కలకత్తా నుంచి వచ్చేది. ఎముకల సంగతి మాట్లాడుకుందాం.

డెక్కన్‌మిత్ర (ఆదివారం, ఉదయం 10.15)

మరి ఒక్క బలూచిస్తాన్‌లోనేనా? యూరప్‌లో కూడా దొరికిందని విన్నాను.

రాళ్ళపిచ్చోడు (ఆదివారం, ఉదయం 11.20)

దొరికింది సార్. పటం తీసి చైనా నుంచి పడమటికి వేలు జరపండి. గాన్సు, షిన్‌జియాంగ్, మంగోలియా, కజకిస్తాన్, పాకిస్తాన్, జార్జియా, టర్కీ, అక్కణ్ణుంచి బల్గేరియా, రొమేనియా.

దీంట్లో నాకు బాగా నచ్చింది 2021లో వచ్చిన పరిశోధన. చైనాలో గాన్సు రాష్ట్రం, లిన్షియా లోయ, వాంగ్‌జియాచువాన్ అనే ఊరు. 2015లో అక్కడ తలా దవడా చెక్కుచెదరకుండా దొరికాయి, విడిగా కొన్ని వెన్నుపూసలు కూడా. డెంగ్ తావ్ బృందం దానికి కొత్త పేరు పెట్టింది, "పారాసెరాథీరియం లిన్షియాఎన్సె". 2 కోట్ల 65 లక్షల ఏళ్ళ నాటిది. విచిత్రమేంటంటే దీనికి దగ్గర చుట్టం పక్కనున్న మంగోలియాది కాదు, అంత దూరాన ఉన్న మన డేరా బుగ్తీది. మరి మధ్యలో టిబెట్ ఉందిగా? ఇన్ని టన్నుల మృగం టిబెట్ ఎలా దాటింది? అప్పటికి టిబెట్ ఇప్పుడంత ఎత్తు లేవలేదు, మధ్యలో పల్లపు దారులుండేవి అని వాళ్ళ వాదన. అంటే ఒక దవడ పట్టుకుని, అప్పట్లో ఒక పీఠభూమి ఎత్తెంతో లెక్క కడుతున్నారు.

అదే లిన్షియాలో రైతులు పొలాల్లో దొరికిన ఎముకల్ని డ్రాగన్ ఎముకలని మందులకి అమ్మేవాళ్ళు. ఎన్ని తలకాయలు పొడి చేసి కషాయంలో కలిపారో.

పుస్తకాలపురుగు (ఆదివారం, ఉదయం 11.41)

డ్రాగన్ అంటే గుర్తొచ్చింది. ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫుర్ట్ అనే ఊరుంది. 14వ శతాబ్దంలో అక్కడ ఒక పెద్ద పుర్రె దొరికితే డ్రాగన్‌దే అని ఊరంతా నమ్మారు. 16వ శతాబ్దం చివర్లో ఊరి నడిబొడ్డున డ్రాగన్ విగ్రహం చెక్కినప్పుడు శిల్పి తలకి ఆ పుర్రెనే నమూనాగా పెట్టుకున్నాడు. అది బొచ్చు ఖడ్గమృగం పుర్రె! విగ్రహం ఇప్పటికీ ఉంది. మంచు కాలం నాటి జంతువు అది, పారాసెరాథీరియం కాదు, కానీ వంశం ఒకటే.

అమ్ములు వాళ్ళమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 12.20)

మంగోలియా తవ్వకాల సంగతి ఎవరైనా చెప్పండి. పిండి జిగురు కథ ఏదో ఉంది, చిన్నప్పుడు ఏదో పత్రికలో చదివాను.

పుస్తకాలపురుగు (ఆదివారం, మధ్యాహ్నం 2.35)

భోంచేసి కూర్చున్నా, చెప్తా.

1922లో న్యూయార్క్ మ్యూజియం తరఫున రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ అనే ఆయన కార్లూ ఒంటెలూ వేసుకుని గోబీ ఎడారికి పోయాడు. మనిషి పూర్వీకుల ఎముకలు వెతకడానికని బయల్దేరితే అవి దొరకలేదు, ఇది దొరికింది. వాల్టర్ గ్రేంజర్ ఆ బృందంలో ముఖ్యమైన తవ్వకందారు. పెద్ద పుర్రె, ముక్కలు ముక్కలుగా. దాన్ని ఎడారిలోంచి న్యూయార్క్ దాకా పగలకుండా తీసుకుపోవడమెలా? గోనెపట్టీలు చింపి, మైదా ఉడికించిన జిగురులో ముంచి, ఎముక చుట్టూ కట్టు కట్టారు. ఆరాక రాయిలా బిగుసుకుంటుంది. పక్కా సినిమా పోస్టర్ల జిగురే! ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అర్ధరాత్రి బకెట్టు పట్టుకుని తిరిగే కుర్రాడికి ఆ గోబీలో వెంటనే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. 1923లో ఆ మ్యూజియం అధ్యక్షుడు ఆస్‌బర్న్ దానికి గ్రేంజర్ పేరే పెట్టాడు.

1925లో మళ్ళీ వెళ్ళినప్పుడు దొరికింది మాత్రం ఒళ్ళు జలదరించే దృశ్యం. కాళ్ళు. పడి ఉన్నవి కాదు, నేలలో నిటారుగా, నిలబడ్డవి నిలబడ్డట్టే. ఒళ్ళు లేదు, తల లేదు. ఊబిలో దిగబడి కదల్లేక అలాగే చచ్చిపోయింది. పైకి కనిపించే భాగం అంతా గాలీ వానా తినేశాయి, బురదలో ఉన్న కాళ్ళు మిగిలాయి. అన్ని టన్నుల బరువే దాని ప్రాణం తీసింది.

సీతాఫల్‌మండి శీను (ఆదివారం, మధ్యాహ్నం 2.50)

అయ్యో పాపం. మా కాడ నాలాల పడ్డ బర్రె లెక్కనే. మొన్న వానకాలం జేసీబీ తెచ్చి తీసిన్రు ఒకదాన్ని.

నాపరాయి (ఆదివారం, సాయంత్రం 4.05)

అందరూ మంగోలియా, చైనా అంటాండారు గానీ, మా బేతంచెర్ల సంగతి ఎవరూ ఎత్తల్యా. నేనిప్పుడు కూకట్‌పల్లిలో ఉంటా, పుట్టింది ఆడ్నే. మీ ఇండ్లల్లో పరిచిన నాపరాళ్ళు సగం మా తట్టువే.

ఆ సున్నపురాయి కొండల్లో బిల్లసర్గం గుహలుండాయి. 1844లో న్యూబోల్డ్ అనే దొర మొదట రాసినాడు వాటి గురించి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు ఇద్దరూ వచ్చి తవ్వినారు. గుహలకి చర్చి పేర్లు పెట్టినారు, కేథడ్రల్ అని, ఇంకోదానికి ఎముకల కొట్టం అనే అర్థం వచ్చేటట్టు చార్నెల్ హౌస్ అని. ఆడ దొరికిన ఎముకల్ని లిడెక్కర్ అనే శాస్త్రవేత్త పరీక్ష చేసి, 1886లో ఒక ఖడ్గమృగానికి ఏం పేరు పెట్టినాడో తెలుసునా? "రైనోసెరస్ కర్నూలియెన్సిస్". మా కర్నూలు పేరు! ఇప్పుడు బేతంచెర్ల నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, మృగం పేరు మార్చలేరు కదా.

ఇది మీ భారీ మృగం కాదు, మామూలు ఖడ్గమృగం అంత. అది బతికింది కూడా చాలా ఇటీవల, మనుషులు ఉన్న కాలంలోనే. ఇప్పుడు ఖడ్గమృగం చూడాలంటే అస్సాం పోవాల. అప్పుడు మా కంది చేన్ల కాడ మేసింది.

రాళ్ళపిచ్చోడు (ఆదివారం, సాయంత్రం 4.18)

దండం సామీ. నేను చదువుకుని కూడా దీన్ని పైన చెప్పలేదు, సిగ్గుగా ఉంది. గుహలోకి వెళ్ళారా మీరు?

నాపరాయి (ఆదివారం, సాయంత్రం 4.40)

చిన్నప్పుడు మేకలు తోలుకోని పోయేటోళ్ళం. గబ్బిలాల కంపు. గోడలో తెల్లగా ఏదన్నా పొడుచుకోని ఉంటే మా తాత నాలుకకి అంటించి చూడమనేటోడు. రాయైతే జారతాది. పాత ఎముకైతే నాలుకని పట్టుకుంటాది, వదలదు. నేను ఒకసారి పట్టుకున్యాది చూసినా. ఏ జంతువుదో, ఏమో. మేకదే అయింటాది.

రాళ్ళపిచ్చోడు (ఆదివారం, సాయంత్రం 4.46)

మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. ఎముకలో సన్నని రంధ్రాలు తడిని పీల్చుకుంటాయి, అందుకే అంటుకుంటుంది. ఇప్పటికీ తవ్వకాల్లో నాలుకతోనే చూస్తారు. పిల్లలకి చెప్పకండి, ఇంట్లో గచ్చంతా నాకుతారు.

డెక్కన్‌మిత్ర (ఆదివారం, సాయంత్రం 5.30)

ఇంత బలమైన జంతువు ఎందుకు అంతరించింది? దాన్ని కొట్టే మొనగాడు ఎవడు?

రాళ్ళపిచ్చోడు (ఆదివారం, సాయంత్రం 6.10)

ఒకే జవాబు లేదు సార్. వాతావరణం మారి చెట్లు పలచబడటం ఒకటి. ఇంకో వాదన నాకు ఆసక్తిగా ఉంటుంది: ఆఫ్రికా నుంచి ఏనుగుల పూర్వీకులు ఆసియాలోకి దిగాయి. ఏనుగు ఆకు కోసం చెట్టునే విరిచేస్తుంది. చెట్టు మీద బతికే పెద్దాయనకి మేత పోయింది అని. కానీ రెండూ ఎంతకాలం కలిసి ఉన్నాయన్న దగ్గర ఆ వాదన బిగువుగా లేదు. నేనైతే దాని మీద పందెం కాయను. అంత ఒళ్ళున్న జంతువు ఏళ్ళ తరబడి ఒక్కో పిల్లని మోసి కంటుంది, కాలం ఎదురు తిరిగితే తేరుకోవడం కష్టం. అంతవరకు చెప్పగలను.

బరువు గురించి కూడా ఒకటి. పాత పుస్తకాల్లో 30 టన్నులని చూస్తారు. 1993లో ఫోర్టెలియస్, కాపెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క సరిచేసి బాగా తగ్గించారు. మీ గ్రూపులో 30 అని ఎవరైనా పెడితే పాత సరుకు అని చెప్పండి.

చిలకలగూడ నాన్న (ఆదివారం, రాత్రి 8.55)

అందరికీ పేరుపేరునా దండాలు. సాయంత్రం మావాడికి ఇవన్నీ చదివి వినిపించాను. 7.4 మీటర్లు అంటే ఎంత అన్నాడు. టేపు పట్టుకుని కింద పార్కింగ్‌కి దిగాం. సుద్దముక్కతో గీశాం.

మా పార్కింగ్ గడి 5 మీటర్లు. ముక్కు మా స్తంభం దగ్గర మొదలుపెడితే మెడా, ముందు కాళ్ళూ, పొట్టా మా గడిలో సరిపోయాయి. పిర్రలు పక్కింటి 302 వాళ్ళ యాక్టివా కిందికి పోయాయి. తోక గీయడానికి వాచ్‌మన్ ఎల్లయ్య బండి పక్కకి జరిపి సాయం పట్టాడు. ఎత్తు గోడకి గీద్దామంటే కుదరలేదు, భుజం రాకముందే పైకప్పు వచ్చేసింది. ఎల్లయ్య అంతా చూసి "గిదేందయ్యా, మెడ గింత పొడుగున్న బర్రె?" అన్నాడు. మావాడు ఖడ్గమృగం అన్నాడు. "కొమ్మేది మరి?"

ఐదు నిమిషాలు నిలబెట్టి ముక్కు ఎముక సంగతి చెప్పాడు వాడు. నేను పక్కన నోరు మూసుకుని నిల్చున్నా.

ఇప్పుడే గ్రూపులో మెసేజ్ వచ్చింది, పార్కింగ్‌లో సుద్దగీతలు ఎవరు గీశారో తుడవాలని.

అమ్ములు వాళ్ళమ్మ (ఆదివారం, రాత్రి 9.06)

తుడవకండి! ముందు ఫొటో పెట్టండి ఇక్కడ.

సీతాఫల్‌మండి శీను (ఆదివారం, రాత్రి 9.15)

302 వాళ్ళకి చెప్పున్రి అన్నా, బండి జర పైలం అని. పిర్రల కింద ఉన్నది.

నాపరాయి (ఆదివారం, రాత్రి 9.31)

సంక్రాంతికి ఊరికి పోతాండా. ఎవరన్నా గుహలు చూడాలంటే చెప్పండి. డోన్ దాకా రైలు, ఆడ్నుంచి నేను తోలకపోతా. టార్చిలైటు మీరే తెచ్చుకోవాల.

రాళ్ళపిచ్చోడు (ఆదివారం, రాత్రి 9.33)

నేను రెడీ. నాలుక కూడా తెచ్చుకుంటా.